మూడో రోజు కూడా తెరిచిన పెట్టెలు: 2014 ఈజిప్టు అధ్యక్ష ఎన్నిక దారుల్లో

మే 23, శుక్రవారం: కైరో

విమానాశ్రయం నుంచి ఊళ్లోకి వచ్చే సలాహ్ సాలెం రోడ్డు మీదే ఎన్నిక ఎటు మొగ్గిందో తెలిసిపోతుంది. ఎటు చూసినా మాజీ సైన్యాధిపతి అబ్దుల్ ఫత్తా అల్ సీసీ బొమ్మలే. ఒకచోట సూటు, ఇంకోచోట సైనిక దుస్తులు, నల్ల కళ్లద్దాలు. పక్కన ఆయన ఎన్నికల గుర్తు నక్షత్రం, దాని మీద 'తహ్యా మస్ర్' (ఈజిప్టు వర్ధిల్లాలి) అన్న నినాదం. పోటీలో ఉన్న రెండో మనిషి హందీన్ సబాహీ బొమ్మలు, ఆయన గద్ద గుర్తు కనబడాలంటే వెతుక్కోవాలి.

బ్యానర్ చూసేటప్పుడు బొమ్మను కాదు, కింది అంచును చదవాలి. చాలావాటి మీద కట్టించినవారి పేర్లుంటాయి: దుకాణదారులు, వ్యాపారులు, ఫలానా కుటుంబ పెద్దలు. మొదటి విడత ప్రచారానికి చట్టం పెట్టిన ఖర్చు పరిమితి అభ్యర్థికి 2 కోట్ల ఈజిప్టు పౌండ్లు. అప్పటి ధరలో డాలరుకు 7 పౌండ్ల పైచిలుకు. వీధిలో వ్యాపారి తన జేబులోంచి తీసి కట్టించిన గుడ్డను ఆ పరిమితిలోకి ఎలా లెక్కగట్టాలన్నది ఏ పరిశీలకుడికైనా కష్టమైన పనే.

ప్రచారానికి ఇదే ఆఖరి రోజు. మే 3న మొదలైన ఈ ప్రచారంలో సీసీ ఒక్క బహిరంగ సభకూ స్వయంగా రాలేదు. భద్రత కారణం చెప్పి టీవీ ఇంటర్వ్యూలతో, వీడియోలో మాట్లాడే సమావేశాలతో సరిపెట్టారు. సబాహీ మాత్రం ఊరూరా తిరిగారు. సీసీ ఓటర్లను అడిగిన అంకె ఒకటుంది, దాన్ని గుర్తుపెట్టుకోవాలి: 4 కోట్ల మందికి పైగా వచ్చి ఓటెయ్యాలని. నమోదైన ఓటర్లు 5,39,09,306 మంది. గెలుపు మీద ఎవరికీ అనుమానం లేని ఎన్నికలో ఎంతమంది వచ్చారన్నదే అసలు పోటీ. మిగతా రోజులన్నీ ఆ ఒక్క ప్రశ్న పట్టుకునే తిరగాలి.

మే 24, శనివారం: తహ్రీర్, నడిబొడ్డు

ఈ రోజూ రేపూ ప్రచారం నిషేధం. ఊరు తిరగడానికి మంచి సమయం.

2014లో మెట్రో టికెట్ ఒక పౌండు, ఎంత దూరమైనా అంతే. రైలు మధ్య పెట్టెలు స్త్రీలవి, పొరపాటున కూడా ఎక్కకూడదు. కొత్తవాళ్లు అప్పట్లో తడబడింది సాదాత్ స్టేషన్ దగ్గర. తహ్రీర్ మైదానం కింద ఉండే ఈ స్టేషన్లో ఒకటో లైను, రెండో లైను కలుస్తాయి. పటంలో చూస్తే దిగాల్సింది అక్కడే అనిపిస్తుంది. కానీ 2013 ఆగస్టు 14 నుంచి 2015 జూన్ దాకా అది మూసే ఉంది. రైలు చీకటి ప్లాట్‌ఫారం పక్కనుంచి ఆగకుండా వెళ్లిపోయేది. లైను మారాలంటే షుహదా స్టేషన్ ఒక్కటే దిక్కుగా ఉండేది. అమరవీరులు అని అర్థమొచ్చే ఆ స్టేషన్ 2011 దాకా, ఆ ఏటి విప్లవంలో దిగిపోయిన అధ్యక్షుడు ముబారక్ పేరుతో ఉండేది. రెండు కూడళ్ల జనం ఒక్క కూడలి మీద పడటంతో ఉదయం, సాయంత్రం అక్కడ మెట్లు దిగడమే గగనమయ్యేది. తహ్రీర్ వెళ్లాలనుకుంటే నాసర్ స్టేషన్లో దిగి తలాత్ హర్బ్ వీధి మీదుగా పావుగంట నడవడం మేలనిపించేది.

ఆగస్టు 14 తేదీ ఎందుకో చెప్పకుండా ఈ ఎన్నిక అర్థం కాదు. 2012లో 51.73 శాతం ఓట్లతో గెలిచిన ముహమ్మద్ ముర్సీని, లక్షలాది జనం ఆయనకు వ్యతిరేకంగా వీధుల్లోకి వచ్చాక, 2013 జులై 3న సైన్యం దించేసింది. ఆ ప్రకటన చదివింది అప్పటి రక్షణ మంత్రి, సైన్యాధిపతి సీసీ. మర్నాడు సుప్రీం రాజ్యాంగ న్యాయస్థానం అధ్యక్షుడు అద్లీ మన్సూర్ తాత్కాలిక దేశాధ్యక్షుడయ్యారు. కుర్చీలో న్యాయమూర్తి, వెనక సైన్యం. ముర్సీ మద్దతుదారులు రబా అల్ అదవియా కూడలిలో వారాల తరబడి బైఠాయిస్తే, ఆగస్టు 14న బలగాలు కాల్పులతో ఖాళీ చేయించాయి. ఆ ఒక్క కూడలిలోనే కనీసం 817 మంది చనిపోయారని హక్కుల సంస్థ హ్యూమన్ రైట్స్ వాచ్ తేల్చింది. డిసెంబరులో ముర్సీ సంస్థ ముస్లిం బ్రదర్‌హుడ్‌ను ప్రభుత్వం ఉగ్రవాద సంస్థగా ప్రకటించింది. 2011 విప్లవంలో ముందున్న ఏప్రిల్ 6 ఉద్యమాన్ని, పోలింగ్‌కు నెల రోజుల ముందు, 2014 ఏప్రిల్ 28న కైరో కోర్టు నిషేధించింది. అదే రోజు మిన్యాలో ఒక కోర్టు 683 మందికి ఒకే విచారణలో మరణశిక్ష సిఫారసు చేసింది.

గత ఎన్నికలో గెలిచిన పక్షం బరిలో లేదు. వీధిలో పోరాడిన కుర్రవాళ్లు జైల్లో. 2012లో 13 మంది పోటీ చేసిన చోట ఇప్పుడు ఇద్దరు. పోలింగ్ కేంద్రంలో ఎంత పద్ధతిగా జరిగినా, ఈ కొరతను ఆ గదిలో ఎవరూ పూడ్చలేరు.

దారిలో 'షహర్ అకారీ' అన్న బోర్డు కనిపిస్తే ఆగి చూడండి. అచ్చం మన సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు: ఆస్తుల రిజిస్ట్రేషన్లు, స్టాంపులు, గుమాస్తాలు. అభ్యర్థిత్వం మొదలయ్యేది ఇక్కడే. 2014 రాజ్యాంగం 142వ అధికరణ ప్రకారం అభ్యర్థికి 20 మంది పార్లమెంటు సభ్యుల సిఫారసు కావాలి, లేదా 25,000 మంది ఓటర్ల మద్దతు పత్రాలు. ఆ పత్రాలు కనీసం 15 గవర్నరేట్ల (రాష్ట్రాల్లాంటి పాలనా విభాగాలు) నుంచి రావాలి, ఒక్కోదాంట్లో 1,000కి తగ్గకూడదు. అప్పుడు పార్లమెంటు అసలు లేదు కాబట్టి మొదటి దారి మూసుకున్నట్టే. రెండో దారిలో ఓటరు స్వయంగా ఈ ఆఫీసుకు వచ్చి, గుర్తింపు కార్డు చూపించి, ఫలానా వారికి మద్దతిస్తున్నానని ప్రభుత్వ ఉద్యోగి ముందు నమోదు చేయించుకోవాలి. రాష్ట్రపతి అభ్యర్థిని ప్రతిపాదించే మన ఎంపీకి అది మామూలు విషయం. ప్రతిపక్షం వాళ్లను రోజూ అరెస్టు చేస్తున్న దేశంలో, ఊళ్లో అందరూ చూస్తుండగా సర్కారు బల్ల ముందు ప్రతిపక్ష అభ్యర్థి పేరు చెప్పడం మామూలు మనిషికి ఎంత బరువో ఊహించండి. ఏప్రిల్ 20 గడువుకి సీసీ తరఫున లక్షా 88 వేలకు పైగా పత్రాలు అందాయి. సబాహీ 31 వేల పైచిలుకుతో గట్టెక్కారు.

మే 25, ఆదివారం: హెలియోపొలిస్, నస్ర్ సిటీ

పోలింగ్ కేంద్రాలు దాదాపు అన్నీ బడులే. గేటు ముందు ఇసుక బస్తాలు, గోడవారన సైనిక వాహనం, డాబా మీద తుపాకీతో జవాను. న్యాయమూర్తులు మధ్యాహ్నానికల్లా తమకు కేటాయించిన బడి చేరుకుని పెట్టెలు, బ్యాలెట్ల కట్టలు, సిరా సీసాలు, సీళ్లు లెక్కచూసుకుంటారు.

విదేశీయుడు ఇక్కడ రెండు సంగతులు తెలుసుకోవాలి. లోపలికి వెళ్లాలంటే అధ్యక్ష ఎన్నికల కమిషన్ ఇచ్చిన కార్డు మెడలో ఉండాలి. విలేకరైనా, పరిశీలకుడైనా అంతే. పాస్‌పోర్టు చూపిస్తే సరిపోదు. రెండోది, కెమెరా. సైనికుల్ని, వాహనాల్ని, బడి గేటునూ ఫొటో తియ్యకండి. విదేశీ గూఢచారుల గురించి టీవీల్లో నెలల తరబడి చెప్పడంతో, ప్రమాదం పోలీసుల కంటే ముందు వీధిలో మామూలు జనం నుంచే వస్తుంది. 2013 డిసెంబరులో అల్ జజీరా విలేకరుల్ని హోటల్ గది నుంచే పట్టుకెళ్లారు.

మే 26, సోమవారం: మొదటి రోజు

ఉదయం 9కి తలుపులు తెరుస్తారు, రాత్రి 9కి మూస్తారు. ఆడవాళ్ల వరుస, మగవాళ్ల వరుస వేరు. పొద్దున్నే వరుసల్లో నడివయసు స్త్రీలు, పెద్దవాళ్లు ఎక్కువ. జెండాలు, జగరీత్ (నాలుకతో చేసే సంబరపు కేక), స్పీకర్లో ఓటు వెయ్యమంటూ ఎమిరేట్స్ గాయకుడు పాడిన పాట, దానికి గేటు ముందే నృత్యం. వాళ్ల ఉత్సాహాన్ని నాటకమని కొట్టిపారెయ్యడం తప్పు. మూడేళ్ల అలజడి, కరెంటు కోతలు, పెరిగిన ధరలు, ఇంటి బయట భయం. ఇవి చాలు అన్నవాళ్లు నిజంగా ఉన్నారు, సైన్యాన్ని నిజంగా నమ్మారు.

గదిలోకి వెళ్దాం. తరగతి గది, నల్లబల్ల అలాగే ఉంది. బల్లల్ని ఎల్ ఆకారంలో జరిపారు. మధ్యలో కూర్చున్నాయన న్యాయమూర్తి. ఆయనే ప్రిసైడింగ్ అధికారి. ఓటరు 14 అంకెల జాతీయ గుర్తింపు కార్డు ఇస్తే గుమాస్తా జాబితాలో వరుస సంఖ్య వెతుకుతాడు. సంతకం లేదా వేలిముద్ర. ఒక బ్యాలెట్ చేతికొస్తుంది: రెండు ఫొటోలు, రెండు పేర్లు, నక్షత్రం, గద్ద. తెర వెనక్కి వెళ్లి పెన్నుతో గుర్తు పెట్టి, మడిచి, పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ పెట్టెలో వెయ్యాలి. పెట్టె మూతకి అంకెలున్న ప్లాస్టిక్ సీళ్లు. చివర్లో సిరా. మన దగ్గర గోటి మీద గీత గీస్తారు. ఇక్కడ వేలు సీసాలో ముంచుతారు, సగం వేలు రంగు తేలుతుంది. మొత్తం రెండు నిమిషాల పని.

పారదర్శక పెట్టెకి ఒక చిక్కుంది. కాగితం పల్చగా ఉండి, మడత సరిగా పడకపోతే గుర్తు బయటికి కనిపిస్తుంది. రెండుసార్లు మడవమని ఏజెంట్లు చెప్పాలి. చెప్పే ఏజెంటు లేని గదుల్లో ఎవరూ చెప్పరు. చాలా గదుల్లో సబాహీ ఏజెంట్లు లేరు. కొన్నిచోట్ల తమవాళ్లను రానివ్వలేదని, కొట్టి అరెస్టు చేశారని ఆయన ప్రచార బృందం ఫిర్యాదు చేసింది.

ఇక క్యూ సంగతి. పొడవాటి వరుస చూసి మంచి పోలింగ్ అనుకోవడం కొత్త పరిశీలకులు చేసే మొదటి పొరపాటు. ప్రతి గదికీ న్యాయమూర్తి ఉండాలి కాబట్టి కేంద్రాల సంఖ్య న్యాయమూర్తుల సంఖ్యను దాటదు. దేశం మొత్తానికి దాదాపు 14 వేలు. భాగిస్తే కేంద్రానికి సుమారు 3,900 మంది ఓటర్లు. మన దగ్గర ఒక్క బూత్‌కు ఇందులో సగం కూడా ఉండరు. అంత జాబితా ఉన్నచోట ఉదయం వందమంది నిలబడితే నిండుగానే కనిపిస్తుంది. కాబట్టి వరుసను కాదు, పెట్టెను చూడాలి. గడియారం పెట్టుకుని లెక్కించండి. మొదట రెండు రోజులే అనుకున్నా చివరికి మూడు రోజులు కలిపి దాదాపు 37 గంటల పోలింగ్. అధికారిక శాతం 47 రావాలంటే సగటున గంటకు 50 మంది, అంటే పది నిమిషాలకు ఎనిమిది, తొమ్మిది మంది ప్రతి పెట్టెలోనూ ఓటు వేస్తూనే ఉండాలి. ఉదయం, రాత్రి ఎక్కువ, నడిమధ్యాహ్నం తక్కువ. అది సహజమే. ఒక్క గదిని చూసి తీర్పు చెప్పకండి. నాలుగు పేటల్లో, నాలుగు వేళల్లో చూడాలి.

రాత్రి 9కి న్యాయమూర్తి పెట్టె సందుకు సీలు వేస్తాడు. గది తలుపుకి ఎర్ర లక్క పోసి ముద్ర వేస్తాడు. ఉదయం ఏజెంట్ల ముందు ఆ ముద్ర చెదరలేదని చూపించి తెరవాలి. ఒక రోజుకు మించి సాగే పోలింగ్‌లో బలహీనమైన కీలు ఈ రాత్రే. బయట కాపలా సైన్యానిది, పోలీసులది. ప్రతిపక్ష ఏజెంటు ఉంటే, సీళ్ల మీద అంకెల్ని రాసిపెట్టుకుని ఉదయం పోల్చుకోవాలి.

మే 27, మంగళవారం: గీజా, కెర్దాసా

పొద్దున్నే తెలిసే వార్త: ఈ రోజు సెలవు. ప్రధాని ఇబ్రహీం మెహ్లబ్ ప్రభుత్వం సోమవారం రాత్రికి రాత్రి ప్రకటించింది. బ్యాంకులు, స్టాక్ ఎక్స్ఛేంజి కూడా మూత. డబ్బు మార్చుకోవాలనుకున్నవాళ్లు ఇరుక్కున్నట్టే. పోలింగ్ గంట పెంచి రాత్రి 10 దాకా అన్నారు. ఓటెయ్యనివాళ్లకు 500 పౌండ్ల జరిమానా ఉంటుందని గుర్తుచేశారు. చట్టంలో అది ఉన్నమాట నిజమే, కోట్లమంది మీద ప్రయోగించడం మాత్రం కుదిరే పని కాదు. రైలు ప్రయాణం ఉచితం చేశారు. టీవీ యాంకర్లు ఇళ్లలో కూర్చున్న జనాన్ని ముఖం మీదే తిట్టారు. ఒక ప్రభుత్వం ఒకే రోజు ఇన్ని చేస్తోందంటే పెట్టెలు ఎలా ఉన్నాయో వేరే చెప్పక్కర్లేదు.

పిరమిడ్లకు దగ్గర్లోని కెర్దాసా చేనేతకు, నేతబట్టల అంగళ్లకు పేరున్న ఊరు. 2013 ఆగస్టు 14నే ఇక్కడి పోలీస్ స్టేషన్ మీద దాడి జరిగింది, పోలీసులు చనిపోయారు. సెప్టెంబరులో బలగాలు ఊరిని చుట్టుముట్టాయి. ఇలాంటి ఊళ్లలో ముర్సీ మద్దతుదారులు ఇచ్చిన ఎన్నికల బహిష్కరణ పిలుపు బలంగా పనిచేసింది. కైరో నుంచి మైక్రోబస్సులో వెళ్తే సాయంత్రం లోపే తిరిగి రావడం మంచిది.

మధ్యాహ్నం ఎండ 40 డిగ్రీలు దాటింది. జనం రాకపోవడానికి అధికారులు చెప్పిన మొదటి కారణం ఇదే. రెండో కారణంలో ఇంకొంచెం పస ఉంది: సొంత గవర్నరేటుకు దూరంగా పనిచేసేవాళ్లు, 'వాఫిదీన్'. జనవరిలో రాజ్యాంగం మీద జరిగిన ఓటింగ్‌లో వీళ్లు ఎక్కడుంటే అక్కడే ముందస్తు నమోదు లేకుండా ఓటేశారు. ఈసారి షహర్ అకారీలో ముందే నమోదు చేసుకోవాలన్నారు. గడువు దాటాక తెలిసినవాళ్లకు ఊరికి వెళ్లిరావడం తప్ప దారి లేదు. ఓటు కోసం సంక్రాంతి రద్దీలాంటి బస్సెక్కి ఊరెళ్లే మన హైదరాబాద్ కూలీలకు ఆ కష్టం తెలుసు. తేడా ఏమిటంటే, ఫలితం ముందే తెలిసిన ఎన్నికకి కూలి మానుకుని ఎవరు వెళ్తారు?

మే 28, బుధవారం: డెల్టా దారిలో

మంగళవారం సాయంత్రానికి 37 శాతం అన్న అంచనా కమిషన్ వర్గాల నుంచి బయటికొచ్చింది. అదే రోజు పోలింగ్‌ను మరో రోజు పొడిగించారు. ఇద్దరు అభ్యర్థుల బృందాలూ అభ్యంతరం చెప్పాయి, కమిషన్ తోసిపుచ్చింది. సబాహీ తన ఏజెంట్లను వెనక్కి రమ్మన్నారు. ఇది ఆచరణలో ఏమిటంటే, మూడో రోజు పెట్టెల దగ్గరా లెక్కింపు బల్ల దగ్గరా ఎదుటి పక్షం కళ్లు లేవు. నిరసనగా అర్థం చేసుకోవచ్చు, కానీ అంకెల్ని తర్వాత ప్రశ్నించాలంటే చేతిలో కాగితం ఉండాలి. కాగితం ఇచ్చేది ఆ బల్లే.

కైరో ఉత్తరాన షుబ్రా వైపు అబూద్ బస్టాండు నుంచి డెల్టా బస్సులు, మైక్రోబస్సులు. బండి నిండితేనే కదులుతుంది. తాంతా, కఫ్ర్ అల్ షేక్ దాటి సముద్రం దగ్గరికి పోతే సబాహీ సొంతూరు బల్తీమ్. 2012లో ఆయన 48 లక్షల ఓట్లతో మూడో స్థానంలో నిలిచారు. కైరో, అలెగ్జాండ్రియా రెండింట్లోనూ మొదటి స్థానం ఆయనదే.

రాత్రి లెక్కింపు. మనలా పెట్టెలు ఇంకెక్కడికో తరలించరు. పోలైన గదిలోనే, అదే న్యాయమూర్తి లెక్కిస్తాడు. పెట్టె బోర్లిస్తారు, కాగితాలు విప్పి మూడు కుప్పలు చేస్తారు: నక్షత్రం, గద్ద, చెల్లనివి. నక్షత్రం కుప్ప ఎత్తుగా ఉంటుందని అందరికీ తెలుసు. మిగతా రెండింట్లో ఏది పెద్దదో చూడాలి. చెల్లనివాటిలో ఇద్దరి మీదా అడ్డగీత కొట్టినవి, ఖాళీగా వదిలినవి, మాటలు రాసినవి. మనకు 2013 నుంచి నోటా మీట ఉంది. అది లేని ఈజిప్టులో, భయంతోనో ఒత్తిడితోనో గదిదాకా వచ్చినవాడికి మిగిలిన నోటా ఇదే. అంకెలు పత్రంలో రాసి, పై స్థాయిలోని జనరల్ కమిటీకి పంపుతారు. అక్కడ కూడి కైరోకి.

మే 29 నుంచి జూన్ 8: మళ్లీ కైరో

గురువారం సబాహీ ఓటమి ఒప్పుకున్నారు, పోలింగ్ శాతాన్ని మాత్రం ఒప్పుకోలేదు. యూరోపియన్ యూనియన్ పరిశీలకులు పోలింగ్ మొత్తానికి చట్టానికి లోబడి జరిగిందన్నారు, చట్టమూ చుట్టూ ఉన్న వాతావరణమూ రాజ్యాంగం ఇచ్చిన స్వేచ్ఛలకు తగ్గట్టు లేవన్నారు. రెండూ ఒకేసారి నిజం కావచ్చు.

ఫిర్యాదు ఎక్కడ చెయ్యాలి? ఎన్నికల కమిషన్‌కే. 2014లో దాని నిర్ణయం మీద కోర్టుకు వెళ్లే వీలు ఉండేది కాదు. ఏ పరిపాలనా నిర్ణయాన్నీ న్యాయసమీక్షకు అతీతం చెయ్యకూడదని జనవరిలో ఆమోదించిన రాజ్యాంగం 97వ అధికరణే చెబుతోంది. అయినా మార్చిలో తాత్కాలిక అధ్యక్షుడు జారీ చేసిన ఎన్నికల చట్టం కమిషన్‌కు ఆ రక్షణ కల్పించింది. మన దగ్గర ఓడిన ఎమ్మెల్యే అభ్యర్థి 45 రోజుల్లో హైకోర్టులో పిటిషన్ వెయ్యొచ్చు. ఆ మామూలు హక్కు విలువ ఇక్కడ తెలుస్తుంది.

జూన్ 3న, తెలంగాణ ఆవిర్భవించిన మర్నాడు, కమిషన్ అధ్యక్షుడు అన్వర్ అల్ ఆసీ లెక్క చదివారు. సీసీకి 2,37,80,104 ఓట్లు, చెల్లిన ఓట్లలో 96.91 శాతం. సబాహీకి 7,57,511. చెల్లనివి 10,40,608. పోలింగ్ 47 శాతం పైచిలుకు. మూడు కుప్పల్లో రెండోది చెల్లని కాగితాలదే. అడిగిన 4 కోట్లు రాలేదు. 2012 రెండో విడతలో నమోదైన దాదాపు 52 శాతం కూడా రాలేదు.

జూన్ 8, ఆదివారం. ప్రమాణ స్వీకారం నైలు ఒడ్డున మాదీలో ఉన్న సుప్రీం రాజ్యాంగ న్యాయస్థానంలో, న్యాయమూర్తుల ముందు జరిగింది. రాజ్యాంగం ప్రకారం పార్లమెంటు ముందు జరగాలి. పార్లమెంటు లేనప్పుడు మాత్రమే ఆ కోర్టు ముందు. ఆ పార్లమెంటు కొలువుదీరింది 2016 జనవరి 10న. అప్పటిదాకా చట్టాలన్నీ అధ్యక్షుడి సంతకంతోనే వచ్చాయి.